పాటల్లో మనకు పెట్టిన పేర్లు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పొయ్యి మీద పప్పు ఉడుకుతూ వుంటుంది, పక్కన పాట వస్తూ వుంటుంది. రేడియో కావచ్చు, టీవీ కావచ్చు, ఇప్పుడైతే పిల్లల చేతిలో సెల్‌ఫోను కావచ్చు. రాగం చెవిలో పడుతుంది గాని మాట పడదు. రాగం బాగుంటే మనమూ కూనిరాగం తీస్తాం. ఆ పాటలో మనల్ని ఏమని పిలుస్తున్నారో మాత్రం పట్టించుకోం. ఇవాళ ఆ సంగతే ముచ్చటించుకుందాం. పాటల్లో ఆడదాన్ని దేనితో పోలుస్తారు, ఎవరు పోలుస్తారు, ఆ పోలిక వెనకాల ఏముంటుంది అని.

పోలికే కదా, పోనిద్దురూ అనకండి. పోలిక ఒంటరిగా రాదు, చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని వస్తుంది. చిలక అన్నామంటే వెనకాలే పంజరం వచ్చేస్తుంది. పండు అన్నామంటే కొరికే పళ్ళు వస్తాయి. బంగారం అన్నామంటే తూచేవాడూ, బేరమాడేవాడూ వస్తారు. పాడేవాడు పంజరం పేరు ఎత్తకపోవచ్చు. ఎత్తకుండానే అది మన మనసులో వేలాడుతుంది. పాటకున్న బలం అదేనండీ. వాదించదు, చెప్పినట్టే వుండదు, కాని చెప్పేస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల. మాకు దగ్గర్లోనే, పెద్ద రోడ్డు మీద, చిలకపాలెం అని వూరుంది. బస్సు అక్కడ ఆగి కండక్టరు ఆ పేరు కేకేసినప్పుడల్లా నాకు పాటల్లో చిలకలు గుర్తొస్తాయి. పల్లెపాటలు తీసుకోండి, సినిమా పాటలు తీసుకోండి, చిలక లేకుండా పిల్ల లేదు. రామచిలక, పంచవన్నెల చిలక, చిలకల కొలికి. అందంగా వుంటుంది, ముద్దుగా పలుకుతుంది, నిజమే. కాని చిలక పలికేది ఎవరి మాట? నేర్పినవాడి మాట. మన పిల్లాడు అర్థం తెలియకుండా పాఠం ఒప్పజెబితే "చిలక పలుకులు పలుకుతున్నావురా" అని మందలిస్తాం. అదే మాట ఆడపిల్లకు మెచ్చుకోలైపోయింది. ఒకే పక్షి, మగపిల్లాడి దగ్గర తిట్టు, ఆడపిల్ల దగ్గర పొగడ్త!

చిలక తర్వాత గువ్వ, పావురం, లేడి. ఇవన్నీ ఎలాంటివో చూడండి. వలకు చిక్కేవి, పెంచుకునేందుకు వీలైనవి, వేటకు పనికొచ్చేవి. ఆడదాన్ని డేగతో పోల్చిన ప్రేమపాట నేను వినలేదు. ఇంకొక తమాషా కూడా వుంది. పురి విప్పి ఆడే నెమలి మగది. ఆడనెమలికి ఆ పింఛమే లేదు, మట్టిరంగులో నేల మీద గింజలేరుకుంటూ తిరుగుతుంది. వేసవిలో మామిడిచెట్టు మీద గొంతెత్తి కూసే నల్లకోయిలా మగదే. ఆడకోయిల చుక్కలచుక్కలుగా వుంటుంది, దాని అరుపు వేరు. ఈ సంగతి మన కవులకు అక్కర్లేకపోయింది. ఆటా పాటా అందంగా వుంటే చాలు, అది ఆడదై తీరాలి అనుకున్నారు.

ఇక తినే వస్తువులు. మామిడిపండు, దానిమ్మగింజ, జున్నుముక్క, చెరకుగడ, తేనెపట్టు. ఈ మధ్య వచ్చే పాటల్లో అయితే మిఠాయిదుకాణం మొత్తం దించేశారు. ఐస్‌క్రీము కూడా అయింది. మా చిన్నమ్మాయి కాలేజీలో చదువుతోంది. ఒకరోజు పక్కవీధి పెళ్ళిలో మైకు నుంచి అలాంటి పాటొకటి వస్తుంటే, "అమ్మా, ఈ పాటలన్నిట్లో ఎవరో ఒకరు మమ్మల్ని తినేస్తుంటారేం?" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. బస్సులో వెళ్ళేటప్పుడు వెనక సీటువాళ్ళు అదే పాట ఈలవేస్తారట, తను దిగే స్టేజీ దాకా. పాట రాసినవాడు ఆ బస్సులో లేడు. పాట వుంది.

ఇది మన తెలుగువాళ్ళకే పట్టిన జబ్బు అనుకోకండి. ఆఫ్రికాలో కెన్యా అని దేశం వుంది కదా, అక్కడ కికూయు అని పెద్ద జాతి. మన సినిమా పాటల్లాగే వాళ్ళకీ జనంలో తిరిగే పాటలున్నాయి. జోసెఫ్ కమారు అనే గాయకుడు ఆ భాషలో చాలా పేరుపడ్డవాడు, 2018లో పోయాడు. ఆ జాతి పాటల్లో ఆడదానికి వచ్చే పోలికలేమిటయ్యా అంటే, అక్కడా తినేవస్తువులే, అక్కడా జంతువులే. పెళ్ళికి మగపెళ్ళివారు ఆడపెళ్ళివారికి మేకలు లెక్కగట్టి ఇచ్చుకునే ఆచారం వాళ్ళది, దాన్ని రురాచియో అంటారు. ఇందులో నాకు విచిత్రమనిపించింది ఏమిటంటే, ఆ జాతి పుట్టుక గురించి వాళ్ళు చెప్పుకునే కథ. వాళ్ళ మూలపురుషుడు గికూయు, అతని భార్య ముంబి. ముంబి అంటే మట్టిని మలిచి రూపమిచ్చేది అని అర్థం. కుమ్మరి పనిచేసే చెయ్యి అన్నమాట. వాళ్ళకు పుట్టినవాళ్ళు కూతుళ్ళే, ఆ కూతుళ్ళ పేర్లతోనే వంశాలు ఏర్పడ్డాయి. అమ్మను "రూపమిచ్చేది" అన్న జాతి కూడా, మనవరాళ్ళ కాలం వచ్చేసరికి పండూ ఫలమూ అనే మాటల్లోకి దిగింది. మనమూ అంతే కదూ. నవరాత్రుల్లో తల్లీ అని తొమ్మిదిరోజులు దణ్ణం పెట్టి, పదోరోజు మళ్ళీ మైకు పెడతాం.

సరే, మన వైపుకే వద్దాం. మా ఉత్తరాంధ్రలో బంగారుబొమ్మ గురించి చెప్పకుండా ఈ మాట ముందుకు సాగదు.

బంగారుబొమ్మ అనే మాట తల్లులు ఉయ్యాలపాటల్లో ఎప్పట్నుంచో వాడుతున్నదే. ముద్దుమాట. దాన్ని విజయనగరంలో గురజాడ అప్పారావుగారు తీసుకున్నారు. ఆయన 1862లో పుట్టి 1915లో పోయారు. పూర్ణమ్మ అనే పూజారిగారి అమ్మాయి కథను పాటగా కట్టి, ఆ పిల్లకు పుత్తడిబొమ్మ అని పేరుపెట్టారు. చదవని తెలుగువాళ్ళు తక్కువ. తండ్రి డబ్బుకు ఆశపడి ముసలివాడికి కట్టబెట్టాడు. కాపరానికి తీసుకెళ్ళడానికి మొగుడు వచ్చాడు. పిల్ల అన్నదమ్ములకు చెప్పవలసినవన్నీ చెప్పి, సాయంత్రం వేళ దుర్గ కోనేటి దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ ఇంటికి రాలేదు.

చిన్నప్పుడు బడిలో మేము ఈ పాట బట్టీ పట్టాం. కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళం గాని, పుత్తడిబొమ్మ అనే మాట దగ్గర ఆగి ఆలోచించమని మాకెవరూ చెప్పలేదు. ఆ మాటలోనే కథంతా వుందండీ! ముద్దుచేసి పుత్తడి అన్నారు, పుత్తడి కనక అమ్మేశారు. తల్లి నోట పొగడ్త అయినది తండ్రి లెక్కల్లో ధర అయింది. గురజాడవారు ముద్దుమాటను దాని పద్దుపుస్తకం పక్కన పెట్టి చూపించారు.

ఇది కవి కల్పించిన భయం కాదు. ఆయన కన్యాశుల్కం నాటకం మొదట 1892లో విజయనగరంలోనే ఆడారు, 1897లో అచ్చయింది. దానికి ఇంగ్లీషులో రాసుకున్న పీఠికలో ఒక లెక్క చెప్పారు. విజయనగరం మహారాజు ఆనందగజపతిగారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళకు పట్టీ వేయించారట. 1034 తేలాయి. అందులో ఐదేళ్ళ పిల్లలున్నారు, మూడేళ్ళ పిల్లలున్నారు. ఏడాది నిండిన పసిపిల్లలు ముగ్గురున్నారు. ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. ఉయ్యాల్లో వున్న బంగారుబొమ్మలండీ!

అది అగ్రహారాల సంగతి అనుకుంటారేమో. వ్యవసాయం చేసుకునే కులాల్లోనూ ఓలి అని వుండేది. అదీ మగపెళ్ళివారు ఇచ్చుకునేదే. కాకపోతే దాని రంగు కొంచెం వేరు. పొలంలో దిగి పనిచేసే పిల్ల ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది కాబట్టి ఆ చేతులకు ఇంత అని. అదేం గొప్ప గౌరవం అని నేననను. చేతులకున్న విలువ ఒప్పుకున్నారు, అంతవరకే.

తర్వాత ఏమయింది? డబ్బు నడిచే దారి తిరగబడింది. ఓలి పోయి కట్నం వచ్చింది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చినా కట్నం పోలేదన్నది మీకు నేను చెప్పాలా? ఇప్పుడు బంగారుబొమ్మను తీసుకుపోయేవాడు డబ్బివ్వడు, బొమ్మతోపాటు బంగారం వేరే తూచి పుచ్చుకుంటాడు. పాట మాత్రం మారలేదు. అప్పుడూ బంగారుబొమ్మే, ఇప్పుడూ బంగారుబొమ్మే. కొన్నా అమ్మినా బొమ్మ బొమ్మే కదా, దాన్ని అడిగేదెవరు?

పెళ్ళిపాటల దగ్గరికి వచ్చాం కనక అప్పగింతల మాట కూడా చెప్పుకోవాలి. ఆ పాటలు వింటే రాయికైనా కన్నీరొస్తుంది. వాటిలో పిల్లను పోల్చేవన్నీ ఇంట్లోంచి బయటికి పోయేవే. మనింట పూచి వేరేవాళ్ళ పూజకు పోయే పువ్వు, పెంచి ఎగరేసిన పిట్ట, ఎవరో దాచుకోమని ఇచ్చిన సొమ్ము. మా అత్తగారి తరంవాళ్ళు "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అనేవారు. మా వైపు ఆడ అంటే అక్కడ. ఈ చమత్కారం చాలామంది నిజమని నమ్ముతారు. కాని ఆడది అనే మాటలోని ఆడ వేరు, అక్కడ అనే అర్థంలో ఆడ వేరు. రెండు వేర్వేరు మాటలు, పలకడానికి ఒకేలా వున్నాయి, అంతే. ఒక శ్లేష పుణ్యమా అని ఎన్ని తరాల ఆడపిల్లలు పుట్టింట్లో అద్దెకున్నట్టు పెరిగారో చూడండి.

ఈ మాటకు చట్టంలో జవాబు వచ్చింది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్టు, ఉమ్మడి కుటుంబం ఆస్తిలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు మగపిల్లలతో సమానంగా హక్కు ఇచ్చారు. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వ కాలంలో. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అంటే చట్టం ప్రకారం ఆడపిల్ల ఈడ పిల్లే. కాని అప్పగింతల పాట చట్టం చదువుకోలేదు. వాటా అడిగిన చెల్లెలికి అన్నగారింట్లో ఏ మర్యాద జరుగుతుందో మీకు తెలుసు. అప్పుడు అందరి నోట వచ్చేది ఆ శ్లేషే.

సామెతల నుంచి పాటల్లోకి ఎక్కినవి రెండు చెబుతాను. ఒకటి కుంపటి. ఆడపిల్ల గుండెల మీద కుంపటి అంటారు. తండ్రి గుండె కాలుతోందని జాలి. మరి కుంపట్లో కాలేదెవరు? ఆ లెక్క ఎవరూ తియ్యరు. రెండోది అరిటాకూ ముల్లూ. ఏది వచ్చి ఏదానిమీద పడ్డా చిరిగేది ఆకే అని. ఇది అబద్ధం కాదు. లోకంలో జరుగుతున్నదే. కాని జరుగుతున్నదాన్ని చూసి ఎవరికి బుద్ధి చెబుతున్నాం? ఆకుకి. జాగ్రత్తగా వుండవే, ఇంట్లో వుండవే, చీకటిపడితే కదలకే అని. ముల్లును పీకేద్దామన్న పాట ఒక్కటీ లేదు. ముల్లుకు ముల్లుగా వుండే స్వభావం దేవుడిచ్చాడు కనక దాని తప్పేం లేదన్నట్టు. మా ఇంట్లో మగపిల్లాడూ వున్నాడు, ఆడపిల్లలూ వున్నారు. ఈ సామెతను నేను వాడటం మానేశాను.

దీపం, లక్ష్మి, తులసిమొక్క. ఇవి మనకు ఇష్టమైన పోలికలు. మంగళహారతి పాటల్లో మనమే పాడుకుంటాం. వాటిని నేనేమీ అనను. దీపం వెలగాలంటే చమురు పొయ్యాలి అన్నది మాత్రం ఇంట్లోవాళ్ళకు అప్పుడప్పుడు గుర్తుచెయ్యాల్సి వస్తుంది.

ఇంతవరకూ చెప్పినవాటిలో చాలామటుకు మగవాళ్ళు కట్టినవి, లేదా మగవాళ్ళ లోకానికి ఒదిగినవి. మరి ఆడవాళ్ళు తమ గురించి తాము పాడుకున్నప్పుడు, చెప్పుకున్నప్పుడు ఏమంటారు? అక్కడ చిలకలు తక్కువ. పనిముట్లు, పైర్లు, పశువులు ఎక్కువ. దంపుళ్ళపాటలు, తిరగలిపాటలు, ఊడుపుపాటలు పని చేస్తూ పుట్టినవి కదా. చేతిలో ఏది వుంటే అదే నోటికి వచ్చింది. రోకలి పోటు పడుతూ వుంటే అత్తమామల మాట వస్తుంది. తిరగలి తిరుగుతూ వుంటే నలిగే గింజ మాట వస్తుంది. నలిగే గింజకూ కొరికే పండుకూ తేడా వుందండీ. పండు అన్నవాడు తినేవాడు. గింజ అన్నది నలిగేది.

మా వైపు వరినాట్లను ఉభాలు అంటారు. వానలు పడి మడుల్లో నీరు నిలిచాక, ఆడవాళ్ళు వరసగా వంగి నాటుతారు. పెళ్ళయి వెళ్ళిన పిల్లను నారుతో పోల్చడం వాళ్ళ మాటల్లో విన్నాను. ఎంత సరైన పోలికో, పొలం ఎరగని పట్నం చెల్లెళ్ళ కోసం కొంచెం విప్పి చెబుతాను. విత్తనం మొదట నారుమడిలో ఒత్తుగా చల్లుతారు. అక్కడ ఒకదానికొకటి ఆనుకుని పచ్చగా పెరుగుతాయి. నెల తిరిగే లోపల వాటిని వేళ్ళతో సహా పీకి, మట్టి వదిలేలా నీళ్ళలో జాడించి, కట్టలు కట్టి ఇంకో మడికి మోసుకుపోతారు. నాటిన నాలుగురోజులూ ఆకు పసుపురంగు తిరిగి వాలిపోతుంది. తర్వాత వేరు పట్టుకుని తేరుకుంటుంది. నారుమడిలోనే వుంచేస్తే సరిగ్గా పిలక వెయ్యదు, సరిగ్గా ఈనదు. అందుకని పీకడం తప్పు అనలేం. పీకినప్పుడు నొప్పి లేదనీ అనలేం. రెండూ ఆ పోలికలో వున్నాయి. చిలక పోలికలో ఇంత నిజం ఎక్కడుంది?

ఒక పెద్దామెతో ఈ మాటే అన్నాను. ఉభాలకు వంగి వంగి నడుం నిలవని మనిషి. ఆమె నా మాటకు తలూపి, "అవునమ్మా, కానీ నీరున్న మడిలోనే కదా నాటుతాం. ఎండిన మడిలో ఎవులైనా నాటుతారేటి? ఆడగుంటకి ఆ మాత్రం సూసినోలెవులు?" అంది.

నేను ఇన్నాళ్ళూ పుస్తకాల్లో చదివిన పోలికల గురించి ఇంత మాట ఎవరూ చెప్పలేదు. మొక్క నాటేముందు నీరు చూస్తాం, నేల చూస్తాం, నారు ముదిరిపోకముందే చూసుకుంటాం. పిల్ల దగ్గరికి వచ్చేసరికి అబ్బాయి ఉద్యోగం చూసి ఊరుకుంటాం. లేత నారుకూ ముదురు నారుకూ మధ్య అదను రైతుకు తెలుసు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పద్ధెనిమిది నిండకుండానే తాళి కట్టేసే ఇళ్ళు ఇంకా వున్నాయి. అక్కడ ఈ పోలికను పెద్దలకు అప్పజెప్పితే బాగుండును.

మాకు దగ్గర్లోనే పొందూరు. అక్కడి సన్నఖద్దరు పేరు మీరంతా విన్నదే. ఆ దూదిని శుభ్రం చెయ్యడానికి వాలుగచేప దవడను దువ్వెనలా వాడతారు. నూలు వడికేది ఆడవాళ్ళే. దూదిని చుట్టి తయారుచేసే మెత్తటి చుట్టను ఏకు అంటారు. రాట్నం దగ్గర కూర్చున్న ఒక అవ్వ, ఒంట్లో ఎలా వుందమ్మా అని అడిగితే, "ఏటుంది, నాను ఏకుని. లాగినంత కాలం వస్తాను" అంది. ఆమెకు అలంకారశాస్త్రం తెలియదు. తన చేతిలో వున్నదే చెప్పింది. నవ్వుతూనే చెప్పింది.

సముద్రం వైపు వెళితే బుడగట్లపాలెంలాంటి జాలరి వూళ్ళున్నాయి. జాలర్లు సముద్రాన్ని గంగమ్మ అంటారు. అక్కడ ఆడదాన్ని దేనితోనో పోల్చడం కాదు, సముద్రాన్నే ఆడదానితో పోల్చారు. తిండి పెడుతుంది, కోపమొస్తే తీసుకుపోతుంది. విజయనగరం పైడితల్లి పాటల్లోనూ, జముకుల కథల్లో ఎల్లమ్మ దగ్గరా అంతే. కోపం తెచ్చుకునే హక్కు ఆ ఆడవాళ్ళకే వుంది. మనకు పాటలో కోపమొస్తే దాన్ని అలక అంటారు. అలకైతే మువ్వలో చీరో తెచ్చి తీర్చవచ్చు కదా!

మరి ఆడవాళ్ళు కట్టినవన్నీ మేలిమి పోలికలేనా అంటే, అదీ లేదు. వియ్యాలవారి పాటలు మీరంతా పాడినవే. వియ్యపురాల్ని బానతో, గుమ్మడికాయతో, గేదెతో పోల్చి ఆడపెళ్ళివారి పందిరంతా పగలబడి నవ్విస్తాం. నల్లటి ఆడపడుచును కాకితో పోలుస్తాం. వేళాకోళమే, అయినా నల్లగా వున్న పిల్ల ఆ రాత్రి నిద్రపోతుందా అని ఒక్కసారి ఆలోచించండి. పోతే, ఆ పాటల్లో నాకు నచ్చేది ఒకటుంది. వాటిలో ఆడది తినబడదు, తింటుంది! బూరెలు, గారెలు, బుట్టలకు బుట్టలు. నాకు తెలిసినంతలో ఆడది కడుపునిండా తినేది వియ్యపురాలి పాటలోనే.

పల్లెపాటలు పట్నం ఇళ్ళకు ఎలా వచ్చాయో కూడా రెండు మాటలు చెప్పాలి. వింజమూరి సోదరీమణులు అనసూయగారూ, సీతగారూ మద్రాసు రేడియోలో పాడి వీటికి గౌరవం తెచ్చారు. అంతకుముందు, పొలంలో పాడే పాట మేడలో పాడితే చిన్నతనం. అనసూయగారు 2019లో, సీతగారు 2016లో వెళ్ళిపోయారు. పుస్తకాల్లోకి ఎక్కించినవారిలో నేదునూరి గంగాధరంగారు, బిరుదురాజు రామరాజుగారు ముఖ్యులు. వారు ఏరి పెట్టకపోతే మనకు చాలా పాటలు మిగిలేవి కావు.

కవుల్లోనూ పోలికల మోజు తగ్గించుకున్నవారు లేకపోలేదు. నండూరి సుబ్బారావుగారి ఎంకి పాటలు 1925లో పుస్తకంగా వచ్చాయి. అందులో నాయుడుబావ ఎంకిని మెచ్చుకునే తీరు చూడండి. దానికి సాటి లేదంటాడు. సాటి లేదన్నప్పుడు పోలిక ఎక్కడిది? పండూ కాదు, పిట్టా కాదు, ఎంకి ఎంకే. అందుకే కాబోలు ఇన్నేళ్ళయినా ఆ పిల్ల మనకు ఎదురింటి మనిషిలా కనబడుతుంది.

ఇంకొకరు మా పార్వతీపురం వైపు మనిషి వంగపండు ప్రసాదరావుగారు. 2020లో పోయారు. ఊరూరా తెలిసిన వారి పాట ఒకటుంది, ఒక పిల్లాణ్ణి తనతో రమ్మని పిలిచే పాట. శ్రీకాకుళం గిరిజనుల పోరాటం నేపథ్యంలోది. అందులో లోకం తలకిందులవుతుంది. చిన్నప్రాణులు పెద్దప్రాణుల్ని తరుముతాయి. చిలకలు కత్తులు పడతాయి. అది ఆడవాళ్ళ గురించి కాదు, పేదవాళ్ళ గురించి. అయినా ప్రేమపాటల్లో ఇన్నేళ్ళు పంజరంలో కూర్చున్న చిలకను ఆ పాటలో చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. తర్వాత ఆ పాటలోని పల్లవిని ఒక పెద్ద సినిమావాళ్ళు తీసుకుని హీరో హీరోయిన్ల డాన్సు పాటలో కలిపేశారు. కత్తులు వదిలేసి పిల్లా పిల్లాణ్ణి మాత్రం వుంచుకున్నారు.

బియ్యం మిల్లులొచ్చాక దంపుళ్ళపాట పోయింది, పిండిమరలొచ్చాక తిరగలిపాట పోయింది. మిల్లు వద్దని నేననను, మళ్ళీ రోకలి పట్టమంటే మొదట పారిపోయేది నేనే. కాని ఆ పాటలతోపాటు, ఆడవాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేర్లు కూడా పోతున్నాయి. మిగిలేవి మైకులో వచ్చేవే.

అందుకని నేనొక నోటుబుక్కు పెట్టాను. ఎడమపేజీలో మగవాళ్ళ పాటల్లో మనకు వచ్చిన పేర్లు రాస్తున్నాను. కుడిపేజీలో ఆడవాళ్ళ నోట విన్నవి. ఎడమపక్క చిలక, గువ్వ, జున్ను, జాబిలి, ఐస్‌క్రీము అంటూ పేజీలు నిండిపోతున్నాయి. కుడిపక్క నారుంది, గింజ వుంది, ఏకు వుంది. మా అత్తగారు మనవరాల్ని ఉయ్యాల్లో వేసి బంగారుకొండ అనేవారు, ఆ కొండనూ చేర్చాను. అందులో బంగారం కన్నా కొండ నాకు నచ్చింది. ఇంకా చాలా ఖాళీ వుంది. మీ అమ్మగారో, అమ్మమ్మగారో, మీ ఇంటికి కూరలు తెచ్చే అమ్మో పాడినవి వుంటే, పాటంతా రాకపోయినా ఫరవాలేదు, అందులో ఆడదాన్ని దేనితో పోల్చారో ఆ ఒక్క మాటా, ఏ పని చేస్తూ పాడారో ఆ సంగతీ ఒక కార్డు మీద రాసి పంపండి.